కిస్తీ కట్టాక మిగిలేదెంత?

సొంతింటి అప్పు ఒకవైపు.. ఇంటి ఖర్చు మరోవైపు
తొలి ఏళ్లలో జాగ్రత్తపడితేనే మేలు

హోసూరు: ఐదో తేదీ వచ్చిందంటే చాలు, ఫోన్‌లో బ్యాంకు మెసేజ్‌ మోగుతుంది. ఒకటో తేదీన చేతికొచ్చిన రాబడిలో మూడో వంతుకు పైగా ఇంటి అప్పు కిందకు వెళ్లిపోతుంది. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆలుమగలు లెక్కల డైరీ ముందేసుకుంటారు. ‘ఇంక యాడ మిగుల్తాది? పాలాయనకే ఇంకా ఇయ్యలేదు’ అంటుంది ఇల్లాలు. సిప్కాట్‌ చుట్టుపక్కల కాలనీల్లో ఇది నెలనెలా ఉండే ముచ్చటే. ‘ఇల్లు కట్టి చూడు.. పెళ్లి చేసి చూడు’ అన్న పెద్దలు, కిస్తీ కట్టి చూడమని మాత్రం చెప్పలేదు. వాళ్ల కాలంలో ఇరవై ఏళ్ల అప్పు లేదు మరి.

హోసూరు ప్రాంతంలో తెలుగువారు తరతరాలుగా ఉన్నారు. ఒకప్పుడు చేను, గొడ్డూగోదా, ఉమ్మడి ఇల్లు.. ఇదే బతుకు. సిప్కాట్‌ పారిశ్రామికవాడ వచ్చాక పిల్లలు ఫ్యాక్టరీ బస్సెక్కారు. బెంగళూరు పట్టుమని 40 కిలోమీటర్లే. 2019లో ఊరు కార్పొరేషనయింది. సెంటు ధర చూస్తుండగానే పెరిగింది. తండ్రి మిగిల్చిన కాస్త డబ్బు, అమ్మ నగలు, మిగతాదంతా బ్యాంకు అప్పు.. ఇలా లేచిన ఇళ్లే ఎక్కువ.

లెక్క తీస్తే గుండె గుభేల్‌

ఓ మాదిరి కుటుంబాన్ని తీసుకుందాం. ఆయనకు చేతికొచ్చే జీతం 42 వేలు. ఆమె కుట్టుపనితో 6 వేలు. మొత్తం 48 వేలు. ఇంటి కోసం 20 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ. నెల కిస్తీ 17,356 రూపాయలు. సరుకులు, కూరగాయలకు 9 వేలు, పాలకు 1,800, పిల్లల చదువుకు 4,500, బండి పెట్రోలుకు 2,500, గ్యాసు, కరెంటు, ఫోన్లకు 2,300, పెద్దవాళ్ల మందులకు 2,500, చీటీకి 5 వేలు. అన్నీ పోను మిగిలేది మూడు వేలు. కుప్పంలో మేనకోడలి పెళ్లికి వెళ్లాలన్నా, పిల్లాడికి జ్వరమొచ్చినా అందులోంచే.

అసలు బాధ ఇది కాదు. కట్టే కిస్తీ ఎటు పోతోందన్నదే చాలామందికి తెలియని సంగతి. మొదటి నెల కట్టిన 17,356లో వడ్డీయే 14,167. అసలుకు జమయ్యేది 3,189 మాత్రమే. ఐదేళ్లపాటు ఒక్క నెల తప్పకుండా కడితే చెల్లించింది 10 లక్షల 41 వేలు. అప్పు తగ్గింది దాదాపు 2 లక్షల 37 వేలు! కిస్తీలో వడ్డీ, అసలు చెరిసగం అయ్యేసరికి పన్నెండో ఏడు నడుస్తుంటుంది. గడువంతా కడితే 20 లక్షల అప్పుకు మొత్తం 41 లక్షల 66 వేలు అవుతుంది.

ఇందులో మోసమేమీ లేదు. మిగిలిన అసలుపై వడ్డీ కడతారు కనుక, అసలు ఎక్కువున్న తొలి ఏళ్లలో వడ్డీ ఎక్కువ పడుతుంది. ఆ ఏళ్లలో పైసా పైసా కూడేసి అదనంగా కట్టిందే అసలైన పొదుపు.

బోనస్‌ ఎటు పోతోంది?

పైన చెప్పిన అప్పుకే మొదటి ఏడాది చివర ఒక్కసారి 50 వేలు అసలు కింద కట్టారనుకుందాం. కిస్తీ అలాగే ఉంచితే చివర్లో 13 కిస్తీలకు పైగా తగ్గుతాయి. అంటే రెండు లక్షలకు పైబడిన భారం 50 వేలతో పోయినట్టే. ఏటా ఒక కిస్తీ అదనంగా కట్టుకుంటూ పోతే ఇరవై ఏళ్ల అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. వడ్డీలో సుమారు 4 లక్షలు మిగులుతాయి.

ఆ ఒక్క కిస్తీ ఎక్కణ్నుంచి తేవాలి? ఫ్యాక్టరీల్లో దీపావళికి బోనస్‌ వస్తుంది. కొత్త బట్టలు, టపాసులు, ఊరి ప్రయాణం అయ్యేసరికి అది ఆవిరి. పండగ మానుకోమని ఎవరూ అనరు. సగం పండక్కి, సగం అప్పుకు అని ముందే రాసి పెట్టుకుంటే చాలు. చీటీ చివరిదాకా ఆగి ఎత్తుకున్న డబ్బుదీ ఇదే దారి. మొదట్లోనే నష్టానికి పాడి, ఆ డబ్బు ఇంటి అప్పుకు కడితే మాత్రం ఒరిగేదేం లేదు.

మారే వడ్డీపై తీసుకున్న ఇంటి అప్పును ముందుగా కట్టినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ‘ముందే కడితే ఫైన్‌ వేస్తారంట’ అన్న భయం ఇంకా కొందరిలో ఉంది. అదనంగా కట్టేటప్పుడు ‘కిస్తీ తగ్గించొద్దు, గడువు తగ్గించండి’ అని రాసివ్వడం మరవొద్దు.

ముందు ఏది, వెనుక ఏది?

అలాగని ఉన్నదంతా ఊడ్చి బ్యాంకులో కట్టేయడమూ తప్పే. చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు ఆస్పత్రి ఖర్చు వస్తే నగలు కుదువ పెట్టాలి, లేదా వడ్డీ వ్యాపారి గడప తొక్కాలి. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఎనిమిదిన్నర శాతం అప్పు తీర్చబోయి 36 శాతం అప్పులో పడినట్టు. అధిక వడ్డీ గుంజడాన్ని నిషేధిస్తూ తమిళనాడులో 2003లోనే చట్టం వచ్చింది. అయినా అవసరం మనిషిని ఆ గడపకే తీసుకెళ్తుంది.

కాబట్టి మొదట మూడు నెలల కిస్తీ, అంటే ఈ లెక్కలో 52 వేలు, కదపకుండా పక్కన పెట్టాలి. ఆ తరువాత క్రెడిట్‌ కార్డు బాకీలు, చేబదుళ్లు తీర్చాలి. ఇంటి అప్పు వంతు ఆ పైనే. పిల్లల ఫీజులు జూన్‌లో ఒక్కసారిగా మీద పడతాయి. తమిళనాడులో కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. ఇలాంటి వాటిని నెలనెలా కొంచెం తీసి పెట్టుకుంటే ఆ నెలలో కిస్తీ తప్పదు. కిస్తీ 90 రోజులు బకాయి పడితే అప్పు మొండి బకాయి కింద చేరుతుంది. ఆపై 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి ఇంటిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఉంది. కష్టం వస్తే దాక్కోకుండా మొదటి నెలలోనే బ్యాంకుకు వెళ్లి మాట్లాడటం మేలు.

చదవని కాగితాలు

మన ఇళ్లలో మరో చిక్కుంది. మాట తెలుగు, బడి తమిళం, బ్యాంకు కాగితం ఇంగ్లిషు. చూపిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేస్తాం. వడ్డీ పెరిగినప్పుడు కిస్తీ మారకపోతే ‘మనకేం కాలేదులే’ అనుకుంటాం. లోపల గడువు పెరుగుతుంటుంది.

రిజర్వు బ్యాంకు రెపో రేటును 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. అంతకుముందు 7 శాతానికి 20 లక్షలు తీసుకున్నవారి కిస్తీ 15,506. అసలు ఇంకా 19.2 లక్షలుండగా వడ్డీ 9.5కు చేరితే నెల వడ్డీయే 15,200! కిస్తీ పెంచుకోనివారికి అసలు తగ్గడం దాదాపు ఆగిపోయినట్టే. ఆ తరువాత 2025 ఫిబ్రవరి, డిసెంబరు మధ్య రెపో 6.5 నుంచి 5.25కు దిగింది. ఆ తగ్గుదల మీ అప్పుకు అందిందా? పాత పద్ధతి వడ్డీలో ఉన్న అప్పులకు అది వెంటనే అందదు. అడిగి కొత్త పద్ధతికి మార్పించుకోవాలి. వడ్డీ తగ్గినా కిస్తీ తగ్గించుకోకుండా పాతదే కడితే గడువు దానంతటదే దిగుతుంది.

ఇవి మీ హక్కులు

* వడ్డీ మారినప్పుడు కిస్తీ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది ఎంచుకునే అవకాశం అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలి. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశమిది.

* ఇప్పటిదాకా జమైన అసలు, వడ్డీ ఎంత, ఇంకా ఎన్ని కిస్తీలున్నాయి అన్న లెక్క మూడు నెలలకోసారి అందుబాటులో ఉంచాలి.

* 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. అది తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ‘తెలుగులో కావాలి’ అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

* అప్పు తీరాక 30 రోజుల్లో ఇంటి దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున పరిహారం. 2023 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లో ఉంది.

* తాకట్టు సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదై ఉంటే, దాని రద్దునూ నమోదు చేయించి ఈసీ తీసి చూసుకోవాలి.

ఈ నెల కిస్తీ కట్టాక ఒక్క పని చేయండి. బ్యాంకుకు వెళ్లి ‘మా అప్పుకు ఇంకా ఎన్ని కిస్తీలు మిగిలాయి?’ అని అడగండి. ఆ అంకెను వంటింటి క్యాలెండరు మీద రాసి పెట్టండి. సరిగ్గా ఏడాది తిరిగాక మళ్లీ అడగండి. పన్నెండు తగ్గితే సరే. అంతకన్నా ఎక్కువ తగ్గితే ఆ ఇంట్లో డైరీ లెక్క కుదిరినట్టు. తగ్గకపోతే మాత్రం ఆ రోజే కదలాలి.