ట్యూన్ కట్టేవాడికి జీతం ఎవరిస్తారు?

ఈసారి టాపిక్ నేను ఎంచుకున్నది కాదు, బెళుగుప్పలో ఒక టీ అంగడి దగ్గర దొరికింది.

మొన్న ఊరికి పోయినప్పుడు అక్కడ మావాడొకడు కలిశాడు. వరసకు తమ్ముడు, వయసు 26. పగలు సెల్‌ఫోన్ అంగట్లో రిపేర్లు చేస్తాడు. చిన్నప్పటి నుంచీ వయొలిన్ నేర్చుకున్నాడు, దాని కోసం ఏళ్ళ తరబడి ఆదివారం ఆదివారం అనంతపురం బస్సెక్కేవాడు. ఇయర్‌ఫోన్స్ నా చెవిలో పెట్టి ఒక రికార్డింగ్ వినిపించాడు. పన్నెండు నిమిషాలు. మాటల్లేవు. మన వైపు ఉరుములు వాయిస్తారు కదా, ఆ దెబ్బ కింద నడుస్తుంటుంది. పైన వయొలిన్ ఒక రాగాన్ని పట్టుకుని మెల్లగా విప్పుతూ పోతుంది. సినిమా పాట కాదు, భజన కాదు, కచేరీలో పాడే కీర్తన కూడా కాదు. అంతా వాడు సొంతంగా కట్టిందే.

విన్నాక వాడడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, ఇట్లాంటివి చేసేవాళ్ళకి ఎవురన్నా దుడ్లు ఇస్తారా?"

ఇస్తారు. కానీ ఎవరిస్తారు, దేనికిస్తారు, ఎప్పటిలోపు అడగాలి అన్నది చాలామందికి తెలియదు. ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

ముందు, ఈ సంగీతం ఏంటి?

ప్రపంచంలో దీన్ని కాంటెంపరరీ క్లాసికల్ అంటారు. సింపుల్‌గా చెప్తాను. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్న మనిషి, ఈ కాలంలో, కొత్తగా రాసే సంగీతం. పాత కృతిని బాగా పాడటం కాదు, కొత్తదాన్ని పుట్టించటం.

దీంతో వచ్చిన చిక్కేంటంటే దీనికి మార్కెట్ లేదు. సినిమా ట్యూన్‌కి నిర్మాత ఉన్నాడు, పెళ్ళి బ్యాండుకి పెళ్ళివాళ్ళు ఉన్నారు. పన్నెండు నిమిషాల మాటల్లేని మ్యూజిక్‌కి యూట్యూబ్‌లో వ్యూస్ వచ్చి డబ్బు పడుతుందని ఆశ పెట్టుకోవద్దు. మావాడికి ఆ ఒక్క పీస్ పూర్తి కావడానికి ఐదు నెలలు పట్టింది, ఎందుకంటే చేతిలో ఉన్నది ఆదివారాలే. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు నా కోడ్ పనిచేస్తుందో లేదో తేలకముందే ఒకటో తారీఖు జీతం పడేది. గ్రాంట్ అంటే సరిగ్గా అదే: పని పూర్తవకముందే, పని చేసుకోవడానికి ఇచ్చే టైమ్. ఆ టైమ్‌ని డబ్బు రూపంలో ఇస్తారు, అంతే.

మన పక్క ఊరి కథ

ఇదేదో ఫారిన్ ఐడియా అనుకోకండి. బెళుగుప్ప నుంచి కళ్యాణదుర్గం దాటి ఇంకా కిందికి పోతే కంబదూరు మండలం. అక్కడ రాళ్లపల్లి అనే ఊళ్ళో 1893లో పుట్టినాయన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. మనలాగే వాన కోసం ఆకాశం చూసే నేల. కట్టమంచి రామలింగారెడ్డి చొరవతో 1912లో, అంటే దాదాపు 19 ఏళ్ళ వయసులో, ఆయనకు మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పండితుడి ఉద్యోగం వచ్చింది. దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడే ఉన్నారు. చేతిలో స్థిరమైన జీతం, చుట్టూ గొప్ప సంగీత విద్వాంసులు.

తర్వాత తిరుమల తిరుపతి దేవస్థానం ఆయన్ని అన్నమాచార్య కీర్తనల పని కోసం పిలిచింది. ఆ కీర్తనల రాగిరేకులు 1922లో తిరుమల గుడిలో బయటపడ్డాయి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. కానీ బాణీ లేదు. ఏ స్వరం తర్వాత ఏ స్వరమో ఎవరికీ తెలియదు. అంటే ఆ పాటలు మనం ఈరోజు వినాలంటే ఎవరో ఒకరు కొత్తగా కంపోజ్ చెయ్యాల్సిందే. ఎన్నో కీర్తనలకు రాళ్లపల్లి వారు బాణీలు కట్టి, స్వరాలు రాసి పెట్టారు. 1974లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది.

1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. అందులో ఆర్టిస్టుగా చేరిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌కి అప్పుడు 30 ఏళ్ళు కూడా నిండలేదు. 2006 దాకా అక్కడే పనిచేశారు, 600కు పైగా కీర్తనలకు బాణీలు కట్టారు. పోయిన తరం తెలుగువాళ్ళు క్యాసెట్లలో వింటూ "ఇది అన్నమయ్య నాటి ట్యూనే" అనుకున్నవాటిలో చాలా మటుకు మన కాలంలో, నెల జీతం మీద ఉన్న ఒక యువకుడు కట్టినవి.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. సాహిత్యం అన్నమయ్యది, ప్రతిభ వీళ్ళది. కానీ నెలనెలా బియ్యానికి లోటు లేకుండా చూసింది ఒక సంస్థ. ఆ మూడోది లేకపోతే మొదటి రెండూ రేకుల మీదే ఉండిపోయేవి.

డబ్బు వచ్చే నాలుగు దారులు

ఒకటి, స్కాలర్‌షిప్. నేర్చుకుంటున్నవాళ్ళకి ఇస్తారు. కేంద్ర సాంస్కృతిక శాఖ కింద సీసీఆర్టీ అనే సంస్థ ఉంది, ఢిల్లీలో. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వాళ్ళది ఒక టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ ఉంది. మొత్తం చిన్నదే, కానీ పిల్లవాడికి "నేను ఆర్టిస్టుని" అన్న ముద్ర పడుతుంది. ఆ తర్వాతది యంగ్ ఆర్టిస్ట్ స్కాలర్‌షిప్: వయసు 18 నుంచి 25, నెలకు 5,000 రూపాయలు, రెండేళ్ళు. అన్ని కళలూ కలిపి దేశం మొత్తానికి ఏటా 400 వరకు ఇస్తారు. గురువు దగ్గర కనీసం ఐదేళ్ళు నేర్చుకుని ఉండాలి. అప్లై చేశాక పిలుస్తారు, కమిటీ ముందు వాయించి చూపించాలి.

రెండు, ఫెలోషిప్. నేర్చుకోవడం అయిపోయి సొంత ప్రాజెక్టు చేసేవాళ్ళకి. అదే శాఖ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్: 25 నుంచి 40 ఏళ్ళు, నెలకు 10,000, రెండేళ్ళు. 40 దాటితే సీనియర్, నెలకు 20,000. ఇక్కడ నువ్వెంత బాగా వాయిస్తావన్నది ఒక్కటే చాలదు. రెండేళ్ళలో ఏం చేస్తావో కాగితం మీద రాసి ఒప్పించాలి.

మూడు, కమిషన్. "ఈ పీస్ రాయి, ఇంత ఇస్తాం" అని ముందే చెప్పడం. దీనికి ప్రపంచంలో అందరూ చెప్పే ఉదాహరణ బేలా బార్టోక్. హంగరీ నుంచి అమెరికా వచ్చిన కంపోజర్. 1943లో జబ్బుతో, డబ్బుల్లేక న్యూయార్క్ ఆసుపత్రిలో ఉన్నాడు. బోస్టన్ సింఫనీ కండక్టర్ కూసెవిట్స్కీ ఆ గదికి వెళ్ళి, తన ఫౌండేషన్ తరఫున 1,000 డాలర్లకు ఒక కొత్త రచన కావాలని అడిగాడు. మంచం పట్టిన మనిషి లేచి రెండు నెలల్లోపు 'కాన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా' రాశాడు. 1944 డిసెంబర్ 1న బోస్టన్‌లో వాయించారు. మరుసటి ఏడాది ఆయన పోయాడు. ఆ రచన మాత్రం ఈరోజుకీ ఆర్కెస్ట్రాలు వాయిస్తూనే ఉన్నాయి.

నాలుగు, ప్రైజ్. జర్మనీలో ఎర్నెస్ట్ ఫాన్ సీమెన్స్ ఫౌండేషన్ ఏటా యువ కంపోజర్లకు తలా 35,000 యూరోల బహుమతి ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో గౌడియామస్ అనే సంస్థ 1957 నుంచి యువ కంపోజర్లకే పోటీ పెడుతోంది, దానికి ఏ దేశం వాళ్ళయినా స్కోర్లు పంపొచ్చు. మన సంగీత నాటక అకాడమీ కూడా 2006 నుంచి ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ పేరుతో యువ పురస్కారం ఇస్తోంది. కానీ ప్రైజ్ అంటే పని అయ్యాక కప్పే శాలువా. పని చేస్తున్నప్పుడు కరెంటు బిల్లు కట్టదు.

అసలు మెలిక

ఇప్పుడు మావాడి సమస్యకు వద్దాం. యంగ్ ఆర్టిస్ట్ స్కాలర్‌షిప్ లిస్టు తీసి చూడండి. కర్ణాటక గాత్రం ఉంది, వాద్యం ఉంది, హిందుస్తానీ ఉంది, నృత్యం, నాటకం, జానపద కళలు ఉన్నాయి. "కంపోజర్" అని విడిగా గడి లేదు.

ఎందుకు లేదు? కారణం మన సంప్రదాయంలోనే ఉంది. మనకు వాగ్గేయకారుడు అంటే రాసేది, బాణీ కట్టేది, పాడేది ఒక్కడే. కట్టేవాణ్ణి పాడేవాడి నుంచి వేరు చేసి చూడలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ టీనేజ్‌లోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టారు, నాలుగే స్వరాలతో కొత్త రాగాలు పుట్టించారు. కానీ ఆయన నడిచింది గాయకుడి దారిలో, ఆకాశవాణి, మ్యూజిక్ కాలేజీ ఉద్యోగాల మీద. యూరప్‌లో రాసేవాడు వేరు, వాయించేవాడు వేరు, కాబట్టి రాసేవాడికి విడిగా గ్రాంట్ పుట్టింది. మన దగ్గర పుట్టలేదు. ఇది ఎవరి తప్పూ కాదు గానీ, ఫారం నింపేటప్పుడు మాత్రం తగులుతుంది.

కాబట్టి దారి ఇది: 25లోపు ఉంటే వాద్యం గడిలోనో గాత్రం గడిలోనో వెళ్ళండి. కమిటీ ముందు మీ సాంప్రదాయిక శిక్షణ చూపించండి. వచ్చిన నెల 5,000తో ఆదివారాలు కాకుండా వారంలో ఇంకో రెండు రోజులు కొనుక్కోండి, వాటిలో మీ సొంతది రాసుకోండి. 25 దాటితే ఫెలోషిప్. అక్కడ "నేను ట్యూన్లు కడతాను" అంటే అర్థం కాదు. "ఉరుముల తాళాలు నాలుగు ఊళ్ళలో రికార్డు చేసి, వాటిని రాతలో పెట్టి, ఆ తాళాల మీద వయొలిన్ రచనలు చేస్తాను" అంటే అది ప్రాజెక్టు.

ఈరోజే మొదలుపెట్టాల్సినవి

గురువు గారి దగ్గర ఎప్పటి నుంచి నేర్చుకుంటున్నారో రాసిన సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. మన ఊళ్ళలో నేర్పేవాళ్ళు పెద్దవాళ్ళు. తర్వాత అడుగుదాంలే అనుకుంటే మనకోసం కాలం ఆగదు.

చేసిన ప్రతి పీస్‌కీ తేదీ వెయ్యండి, రికార్డింగ్ దాచండి, స్వరాలు రాసిపెట్టండి. ఫోన్ పోతే పీస్ పోకూడదు. వేరేవాళ్ళు చూసి వాయించగలిగేలా కాగితం మీద ఉంటేనే అది రచన కింద లెక్క.

సీసీఆర్టీ వెబ్‌సైట్ నెలకోసారి చూడండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు మొదట చదవాల్సింది ఒకే లైన్: వయసు ఏ తేదీ నాటికి లెక్కపెడతారు. అంకెలు, షరతులు మారుతుంటాయి, ఆ సంవత్సరం నోటిఫికేషన్‌లో ఉన్నదే ఫైనల్.

మా మండలంలో జీడిపల్లి రిజర్వాయర్ ఉంది. హంద్రీ నీవా నీళ్ళు దానిదాకా వచ్చాయి. వచ్చినంత మాత్రాన ప్రతి చేనూ తడవదు. పిల్లకాలువ ఉన్న చేనే తడుస్తుంది. గ్రాంట్లు కూడా అంతే: సర్టిఫికెట్, స్వరలిపి, రికార్డింగ్, తేదీ, ఇవే పిల్లకాలువ.

టీ తాగాక ఇదంతా మావాడికి చెప్పాను. ఐదేళ్ళ శిక్షణ, 18 నుంచి 25 అనగానే వాడు వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. గురువు ఉన్నాడు, ఐదేళ్ళు కాదు పదేళ్ళు ఉన్నాయి. ఏడేళ్ళ పాటు ఏ సంవత్సరం అడిగినా అర్హుడే. ఒక్కసారి కూడా ఆ పేరు వాడి చెవిన పడలేదు. "పోయిందిలే అన్నా" అన్నాడు, అంతే. ఎవరి మీదా కోపం కూడా లేదు వాడికి. నాకే కొంచెం బాధేసింది. అన్ని ఏళ్ళూ నా దగ్గర ఇంటర్నెట్ ఉంది, వాడు నేర్చుకుంటున్నాడని తెలుసు, నేనూ వెతకలేదు.

ఇప్పుడు ఫెలోషిప్ కోసం ఇద్దరం కూర్చుని ప్రపోజల్ రాస్తున్నాం. వస్తుందో రాదో తెలియదు. వాడికింకా 14 ఏళ్ళ టైముంది.

మీ ఇంట్లోనో వీధిలోనో వయొలిన్, నాదస్వరం, మృదంగం నేర్చుకుంటున్న పిల్లలు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. వాళ్ళ వయసు 25 దాటకముందే పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.