ఇంటిపేరు మారిన సముద్ర పుష్పం

తూర్పు పసిఫిక్‌లో సుమారు 2,500 మీటర్ల లోతున, వేడినీటి ఊటలకు కాస్త ఎడంగా, రాళ్లను పట్టుకుని ఒక జీవి ఉంటుంది. దాని స్పర్శకాలు రెండు మీటర్లు దాటి ప్రవాహంలో తీగల్లా తేలుతుంటాయి. చూడగానే ఎవరైనా సీ అనిమోన్ అనే అంటారు. అమెరికా శాస్త్రవేత్త మారీమెగన్ డేలీ కూడా అలాగే భావించి, 2006లో దానికి బొలొసెరాయిడిస్ డాఫ్నియే అని పేరు పెట్టారు.

సీ అనిమోన్‌లను వర్గీకరించడం తేలిక కాదు. వాటికి గుల్ల ఉండదు, అస్థిపంజరం ఉండదు. ఒకే జాతిలో రంగులు మారిపోతాయి. ఫార్మలిన్ సీసాలో వేస్తే ముడుచుకుపోయి ముద్దగా మిగులుతాయి. అందుకే వాటి శరీరాన్ని పలచని పొరలుగా కోసి, లోపలి నిలువు తెరలు, కండరాలు, దంశకణాలను సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. స్వీడన్ శాస్త్రవేత్త ఆస్కార్ కార్ల్‌గ్రెన్ 1949లో ఇలాంటి లక్షణాల ఆధారంగా వేసిన జాబితానే అర్ధ శతాబ్దానికి పైగా అందరికీ దారి చూపింది.

చిక్కల్లా ‘లేని’ లక్షణాలతోనే. పాముకీ కాళ్లు లేవు, వానపాముకీ లేవు. అంతమాత్రాన అవి చుట్టాలు కావు. పాము పూర్వీకులు కాళ్లు పోగొట్టుకున్నాయి, వానపాముకు అవి ఎప్పుడూ లేవు. మన లోతు సముద్రపు జీవికి అడుగున ఉండాల్సిన ఒక రకం కండరాలు లేవు. తక్కువ లోతు నీళ్లలో స్పర్శకాలు ఆడిస్తూ ఈదే చిన్న బొలొసెరాయిడిస్‌ల సరసన దాన్ని చేర్చడానికి అదీ ఒక కారణం.

2014లో ఎస్తెఫానియా రోడ్రిగెజ్ బృందం 112 జాతుల సీ అనిమోన్‌లను అయిదు జన్యు భాగాల సాయంతో పోల్చింది. ఈ జీవి వాటి వంశవృక్షంలో ఇమడలేదు! దాని కోసం రెలికాంథస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పాటు చేశారు. 2019లో మైటోకాండ్రియా జన్యుపదార్థం మొత్తాన్ని పోల్చి చూస్తే, అది సీ అనిమోన్‌లకే అతి దగ్గరి తోబుట్టువు శాఖ అని తేలింది. అంటే బయటికి పంపిన బంధువు మళ్లీ గడప దాకా వచ్చినట్టే.

శాస్త్రీయ నామంలో ముందు ప్రజాతి, తర్వాత జాతి వస్తాయి. మన ఇంటిపేరు, పేరు వరసే అది. ప్రజాతి మారినా జాతి పేరు నిలుస్తుంది, మొదట వర్ణించినవారి పేరు మాత్రం కుండలీకరణాల్లోకి వెళ్తుంది: రెలికాంథస్ డాఫ్నియే (డేలీ, 2006). ఆ గుర్తు చూస్తే చాలు, ఇల్లు మారిన జీవి అని నిపుణులకు తెలిసిపోతుంది.

ఇదంతా పండితుల పట్టింపు అనుకోనక్కర్లేదు. సీ అనిమోన్‌లకు దగ్గరి బంధువులైన రాతి పగడాలు, నల్ల పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అక్కడ వాటిని గుర్తించింది రంగుతోనో ఆకారంతోనో కాదు, స్క్లెరాక్టీనియన్‌లు, యాంటిపతేరియన్‌లు అన్న క్రమాల పేర్లతో. రేవులో పట్టుబడిన ముక్క ఏ క్రమానికి చెందిందన్నదే అధికారులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న.