హెలిప్యాడ్ దగ్గర నీళ్ళు ఎందుకు చల్లుతారు?

ఎన్నికలప్పుడు తాండూరులో హెలిప్యాడ్ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. సున్నంతో పెద్ద గుండ్రం గీసి మధ్యలో హెచ్ అక్షరం రాస్తారు, హెలికాప్టర్ వచ్చే ముందు ట్యాంకర్‌తో నేలంతా తడుపుతారు. నాయకుల బట్టలు దుమ్ము కొట్టుకుపోకుండా అనుకుంటాం. అంతకన్నా ముఖ్యంగా ఆ నీళ్ళు పైలట్ కళ్ళ కోసం.

ఎలాగో చెప్తాను. పైలట్ కుడి చేతిలో సైక్లిక్ ఉంటుంది, అది ముందుకి, వెనక్కి, పక్కలకి నడుపుతుంది. ఎడమ చేతిలో కలెక్టివ్, పైకీ కిందకీ. పాదాల కింద పెడల్స్, ముక్కు తిప్పడానికి. ఒకటి కదిలిస్తే మిగతా రెండూ సర్దాలి. అందుకే గాల్లో ఒకేచోట నిలబెట్టడం, అంటే హోవర్, నేర్చుకునేవాళ్ళకి చుక్కలు చూపిస్తుంది. కొత్తవాళ్ళు కాళ్ళ ముందున్న నేలనే చూస్తారు. దగ్గరి నేల కొంచెం కదిలినా చాలా కదిలినట్టు అనిపిస్తుంది, చెయ్యి ఎక్కువ కదుపుతారు, మెషీన్ ఊగిపోతుంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు ముందు చక్రాన్నే చూస్తే పడతాం కదా, అట్లనే.

అందుకే దూరం చూడమంటారు. నేలా ఆకాశం కలిసే గీత అద్దంలో పైకి జరిగితే ముక్కు దిగినట్టు. చెట్టు వెనక దాగిన కరెంటు స్తంభం పక్కకి బయటపడితే మనం పక్కకి జారుతున్నట్టు. దిగేటప్పుడు నేల మనిషి వడివడిగా నడిచినంత వేగంతో దగ్గరవుతున్నట్టు కనిపించాలి.

తాండూరు కంది చేల మీద ఆ గీత బాగానే దొరుకుతుంది. చిక్కంతా దుమ్ముతోనే. నాపరాళ్ళ పొడి ఉన్నచోట రెక్కల గాలికి అది లేచిందంటే, నేలకి కొన్ని అడుగుల ఎత్తులో గీతా చెట్టూ స్తంభం అన్నీ ఒకేసారి మాయం. వికారాబాద్ వైపు వస్తే అనంతగిరి కొండల అంచు వాలుగా ఉంటుంది, దాన్నే గీత అనుకుంటే మెషీన్ కూడా వాలుతుంది. వానాకాలం మబ్బు కొండ మీదకి దిగితే అసలు ఏదీ ఉండదు.

అప్పుడు ఒంటిని నమ్మొచ్చా? నమ్మకూడదు. నెమ్మదిగా ఒరిగితే చెవి లోపలి ద్రవం ఆ ఒరుగుని పట్టుకోలేదు, తిన్నగా ఉన్నామనే చెప్తుంది. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో మీటర్లు చూసి నడపడం రాని 20 మంది విమాన పైలట్లకి బయటి చూపు లేకుండా చేశారు. సగటున 178 సెకన్లలో అందరూ అదుపు తప్పారు.

మన దగ్గర 2009 సెప్టెంబరు 2 ఎవరూ మర్చిపోలేరు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలి ఐదుగురూ చనిపోయారు. ఆ దారిలో ఆ పూట దట్టమైన వాన మబ్బులు.

అందుకే శిక్షణలో తలకి హుడ్ పెట్టి, బయట కనబడకుండా చేసి, మీటర్లతోనే నడిపిస్తారు. మబ్బు కనిపించగానే వెనక్కి తిరగడం కూడా నేర్పిస్తారు. నన్నడిగితే, కింద సభలో జనం ఎదురు చూస్తున్నప్పుడు అన్నిటికన్నా కష్టమైనది అదే.