గట్టి పుర్రె, మెత్తని మెదడు

గిన్నెలో గట్టిగా తోడుకున్న పెరుగును మీరు చూసే ఉంటారు. గిన్నెను నెమ్మదిగా పట్టుకుపోతే పెరుగు కదలదు. అదే గిన్నెతో పరుగెత్తి చటుక్కున ఆగితే? గిన్నెకు చిన్న సొట్ట కూడా పడదు. పెరుగు మాత్రం చెదిరిపోతుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు లోపల జరిగేది కూడా ఇంచుమించు ఇటువంటిదే.

పెద్దవారి మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుంటుంది. అది చాలా మెత్తనిది. అందుకే అది గట్టి పుర్రెలో, నీటివంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. మనం నడిచినా, గంతులు వేసినా ఈ ద్రవం మెదడును కాపాడుతుంది. కాని వేగంగా పోతున్న తల ఏ రాతికో తగిలి ఒక్కసారిగా ఆగిందనుకోండి. పుర్రె ఆగుతుంది, మెదడు వెంటనే ఆగదు. పోయి పుర్రె గోడకు కొట్టుకుంటుంది. ఒక్కొక్కప్పుడు వెనక్కు వచ్చి రెండవ పక్క కూడా కొట్టుకుంటుంది. లోపలి సన్నని నరాల పోగులు సాగిపోవచ్చు, రక్తనాళాలు చిట్లవచ్చు. పైకి గాయమేమీ కనిపించకపోయినా మెదడుకు దెబ్బ తగిలి ఉండవచ్చునన్నమాట.

ఇది ఎక్కడో ఏ ఒక్కరికో జరిగేది అనుకోకండి. 2018లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6 కోట్ల 90 లక్షల మందికి మెదడుకు దెబ్బ తగులుతున్నది. వీరిలో ఎక్కువమందికి తగిలేది స్వల్పమైన దెబ్బే. విశ్రాంతి తీసుకుంటే చాలామంది కోలుకుంటారు. కాని తీవ్రమైన దెబ్బ ప్రాణం తీయగలదు. బ్రతికినవారికి కూడా మాటో, నడకో, జ్ఞాపకమో దెబ్బతినవచ్చు.

ఇంతమందికి ఈ దెబ్బలు ఎలా తగులుతున్నాయి? ముఖ్యమైన కారణాలు రెండు: పడిపోవటం, రోడ్డు ప్రమాదాలు. పసిపిల్లలు మంచంమీదినుంచీ, మెట్లమీదినుంచీ పడతారు. పిట్టగోడ లేని డాబామీద గాలిపటం ఎగరేసేవాళ్లు ఆకాశంకేసి చూస్తూ అంచు మరిచిపోతారు. తాతయ్యలూ, అమ్మమ్మలూ తడిసిన స్నానాలగదిలో జారిపడతారు. గీత పనివారికి తాటిచెట్టు ఎక్కినప్పుడల్లా ఈ ప్రమాదం ఉన్నది. ఆటలలో తగిలే దెబ్బలూ, కొట్లాటలూ కూడా కారణాలే.

ఇక రోడ్డు సంగతి. 1935 మే నెలలో ఇంగ్లండులోని డార్సెట్ ప్రాంతంలో లారెన్సు అనే ప్రసిద్ధుడు మోటారు సైకిలుమీద పోతున్నాడు. లోకం ఆయనను “అరేబియా లారెన్సు” అని పిలిచేది. సైకిళ్లమీద పోతున్న ఇద్దరు కుర్రవాళ్లను తప్పించబోయి ఆయన కిందపడ్డాడు. తలకు హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి, మే 19న మరణించాడు.

ఆయనను చూడటానికి వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. ఇలాంటి చావులను ఆపలేమా అని ఆయన ఆలోచించసాగాడు. మోటారు సైకిళ్లమీదినుంచి పడినవారిని పరిశీలించి, 1941లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయన చూసినవారిలో హెల్మెట్ పెట్టుకున్నవారు ఏడుగురే. ఆ ఏడుగురూ బ్రతికారు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు సైనికులు హెల్మెట్ పెట్టుకుని తీరాలని ఆజ్ఞ ఇచ్చింది.

హెల్మెట్ ఎలా కాపాడుతుంది? పైచిప్ప ఒక్కటే కాదు, లోపల థర్మకోల్ వంటి దళసరి పొర ఉన్నదే, అది ముఖ్యం. దెబ్బ తగలగానే ఆ పొర తాను నలిగిపోయి, తల ఆగటానికి కొంచెం ఎక్కువ వ్యవధి ఇస్తుంది. ఆ కొంచెంలోనే ప్రాణం ఉన్నది. కాని మెడకింద పట్టీ బిగించకపోతే హెల్మెట్ ఒక దారి, తల ఒక దారి!

మన దేశంలో 2022లో హెల్మెట్ లేకుండా ప్రయాణించి, రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. అమ్మానాన్నలారా, ఈ సంఖ్యను మరొకసారి చూడండి. ముందు కూర్చున్నవారికి హెల్మెట్ పెట్టి, వెనక కూర్చున్న పిల్లవాణ్ణి వట్టి తలతో తీసుకుపోవటం మన వీధులలో రోజూ కనిపిస్తుంది. 2019లో సవరించిన చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ ఉండాలి.

పిల్లలూ, ఆటలో తలకు దెబ్బ తగిలితే తిడతారని దాచకండి. ఇంట్లోనో, బడిలోనో పెద్దవాళ్లకు వెంటనే చెప్పండి. ఆ రోజుకు ఆట కట్టిపెట్టండి. స్పృహ తప్పినా, వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా, ఫిట్సు వచ్చినా, చెవినుంచో ముక్కునుంచో నీరుగాని నెత్తురుగాని కారినా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి. మీ స్నేహితుడికి దెబ్బ తగిలి, వాడు “నాకేం కాలేదు, ఎవరికీ చెప్పకు” అన్నా సరే, మీరు చెప్పండి.