సువార్తలో కథాశిల్పము

సీతమ్మధారకు సముద్రము ఎంతో దూరము కాదు. ఆ సముద్రపుటొడ్డున నున్న విశాఖపట్టణమునకు 1805లో లండను మిషనరీ సంఘమువారు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి వచ్చి, తెలుగు నేర్చి, సువార్తలను తెనిగింప బూనిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడుపడెను. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజి కన్నుమూసిరి. వారు తెనిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. వానిలో లూకా సువార్త యొకటి.

మన ఉపాధ్యాయులలో పలువురు బైబిలు మతగ్రంథమని దానిని ముట్టరు. భక్తులు ముట్టుదురు గాని కథను కథగా చూడరు. ఎవరి నష్టము హెచ్చో చెప్పజాలను.

లూకా పదునైదవ అధ్యాయమున తప్పిపోయిన కుమారుని కథ చూడుడు. ఆస్తి తగులబెట్టి, కరవున పందులు మేపిన చిన్నవాడు, ఇంటికి పోయి తండ్రితో నేమనవలెనో ముందే వల్లించుకొనును. తన్ను కూలివానిగా నుంచుకొమ్మనుట అందు చివరి మాట. తీరా తండ్రి యెదుట నిలిచినపుడు ఆ మాట నోట రానేరాదు. అంతలోనే తండ్రి మంచి వస్త్రములు తెండని పనివాండ్రను కేకవేయును. ఇచట వ్యాఖ్యానమేమియు లేదు. చెప్పకుండ విడిచిన ఆ యొక్క వాక్యమే తండ్రి హృదయమును చెప్పుచున్నది.

పొలమునుండి వచ్చిన పెద్దవాడు గుమ్మము దాటడు. తోబుట్టువును తోబుట్టువనక, తండ్రితో 'నీ కుమారుడు' అనును. తండ్రి కోపింపక, 'నీ తమ్ముడు' అని ఆ బంధుత్వమును వానికే తిరిగి యప్పగించును. గ్రీకు మూలమున అన్నకును తమ్మునికిని ఒకటే మాట. తెలుగున నట్లు చెల్లదు. అనువాదకుడు ఏదో యొకటి తేల్చవలసినదే. ఈ నిర్బంధము మనకు లాభించినదని నా తలంపు. 'తమ్ముడు' అనగానే అన్నగారి బాధ్యత యెదుట నిలుచును. అన్నకొఱకు అడవికి పోయిన భరతుని కథ వినిన చెవికి, తమ్మునికొఱకు గడప దాటని యీ యన్న మరింత వింతగా దోచును.

కీర్తనల సంగతి వేఱు. హీబ్రూ కవికి మన యతిప్రాసలు లేవు. ఒక పాదమున చెప్పిన భావమును రెండవ పాదమున మరియొక తీరున ప్రతిధ్వనింపజేయుట వాని విద్య. ధ్వని భాష దాటదు, భావము దాటును. కావుననే ఆ కవిత్వము అనువాదమునను కొంత బ్రతికినది. జాషువ మహాకవి మాత్రము క్రీస్తు కథను మన పద్యములలోనే నడిపెను. ఆ 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము లభించెను.

మరల ఆ గుమ్మము కడకు వత్తము. పెద్దవాడు లోపలికి పోయెనా? లూకా చెప్పడు. తరగతిలో పిల్లల నడిగి చూడుడు. గంట కొట్టువఱకు తగవు తెగదు.