బిందెలోని నీరు, వెన్నులోని నరం

పెద్దారవీడు, మార్కాపురం ప్రాంతాల్లో కాళ్లు పట్టు తప్పిన పెద్దలను చూసి, వయసు మీద పడిందని మనం సరిపెట్టుకుంటాం. అసలు కారణం ఒక్కోసారి ఇంట్లోని నీటిబిందెలోనే ఉంటుంది.

నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ప్రబలి ఉన్నదని షార్ట్ బృందం 1937లోనే వైద్యలోకానికి తెలిపింది. ఆ జిల్లాలోని పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో మన ప్రకాశం జిల్లాలో చేరాయి.

ఫ్లోరైడ్ అధికంగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి త్రాగితే వెన్నుపూసలు మందమవుతాయి. వాటిని కలిపే స్నాయువులు గట్టిపడతాయి. వెన్నుపాము సాగే దారి ఇరుకై నరాలు నలుగుతాయి. తిమ్మిర్లు, కాళ్లలో బిగుతు, తడబడే నడక, చివరకు మూత్రంపై అదుపు తప్పడం దాని ఫలితాలు. ఈ వైకల్యంపై నాడీ శస్త్రచికిత్స నిపుణులు డాక్టర్ డి. రాజారెడ్డి విశేష పరిశోధన చేశారు.

త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట సైతం 1.5 దాటరాదు. నీటిని మరిగించినా ఫ్లోరైడ్ తొలగదు. నలిగిన నరం పూర్తిగా కోలుకోవడం కష్టం. కనుక బోరునీటిని పరీక్ష చేయిద్దాం. తిమ్మిర్లు మొదలైనవారిని ఆలస్యం చేయక వైద్యునికి చూపిద్దాం. ఇంటిల్లిపాది ఆరోగ్యం మన చేతిలోని అమానతు.