నల్లమలలో నిప్పు రేఖలు: వేసవికి ముందే చేయవలసిన సేవ

వానాకాలంలో మొక్కలు నాటే కార్యక్రమాలకు స్వచ్ఛంద సేవకులు ఉత్సాహంగా తరలివస్తారు. పత్రికలలో వచ్చే ఛాయాచిత్రాలు కూడా ఎక్కువగా వాటివే. అయితే నల్లమల వంటి ఆకురాల్చు అడవులకు అంతకంటే ముందు, జనవరి, ఫిబ్రవరి మాసాలలో జరిగే నిప్పు నివారణ పనులే ప్రాణాధారం.

తెలంగాణలోని అమ్రాబాద్, ఆంధ్రప్రదేశ్‌లోని నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు రెండూ నల్లమలలోనే విస్తరించి ఉన్నాయి. వేసవి ఆరంభానికి ఇక్కడి నేలంతా ఎండుటాకు, ఎండుగడ్డితో నిండిపోతుంది. ఆర్పకుండా పడవేసిన ఒక్క బీడీ ముక్క చాలు. మన అడవులలో నిప్పు అధికభాగం మనుషుల వలననే పుడుతున్నది. ఇప్పపువ్వు ఏరుకొనేందుకు చెట్టు కింద ఆకు కాల్చడం, పశువులకు లేతగడ్డి కోసం నిప్పు పెట్టడం ఇందుకు ముఖ్య కారణాలు. శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం వెళ్లే పాదయాత్రికులు అడవి దారిన నడిచేది కూడా సరిగ్గా ఈ రోజులలోనే.

ఈ మంట సాధారణంగా నేల మీదనే పాకుతుంది. మందపాటి బెరడు గల పెద్ద చెట్లు తట్టుకొంటాయి కనుక చూపరులకు నష్టం కనిపించదు. కాలిపోయేది ఏడాది, రెండేళ్ల వయసు గల మొలకలు. నెమలి, అడవికోడి వంటి పక్షులు నేలపై పెట్టిన గుడ్లు. ఏటా ఇదే జరిగితే పెద్ద చెట్ల స్థానంలోకి రావలసిన తరం ఉండదు. ఆకుల కప్పు లేని నేలపై తొలకరి వాన పడినప్పుడు పైమట్టి కొట్టుకుపోతుంది. క్రితం జూలైలో వేసిన విత్తనాల శ్రమ కూడా దానితోపాటే పోతుంది.

అందువలన బాటల వెంట, అటవీ విభాగాల సరిహద్దుల వెంట ఆకు, గడ్డి తొలగించి ఖాళీ పట్టీలు ఏర్పాటు చేస్తారు. ఇవే నిప్పు రేఖలు. వీటిని ఒకసారి ఊడ్చి వదిలివేస్తే ప్రయోజనం లేదు. ఆకు రాలుతున్నంత కాలం మళ్లీ మళ్లీ శుభ్రపరచవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం ప్రారంభమైన నాటినుండి వన సంరక్షణ సమితులకు అప్పగించిన బాధ్యతలలో నిప్పు నివారణ ఒకటి. బయటినుండి వచ్చే సేవకులు స్థానికుల వెంట, అటవీ సిబ్బంది అనుమతితో, పగటిపూట రేఖలు ఊడ్వవచ్చు. యాత్రికులకు పొయ్యి ఆర్పి వెళ్లవలసిందిగా చెప్పవచ్చు. రగులుతున్న మంటను ఆర్పడం మాత్రం శిక్షణ పొందినవారి పని.

భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ఆధారంగా పంపే హెచ్చరికలను క్షేత్ర సిబ్బంది సెల్‌ఫోన్లలో పొందుతున్నారు. పాత్రికేయులు ఇక్కడ ఒక విషయం గమనించవలెను. ఒకే మంట పలు హెచ్చరికలుగా నమోదు కావచ్చు. చిన్న మంట అసలు నమోదు కాకపోవచ్చు. కనుక హెచ్చరికల సంఖ్యను కాలిన విస్తీర్ణంగా ప్రచురించడం సరికాదు. విస్తీర్ణం క్షేత్ర పరిశీలన తరువాతనే తెలుస్తుంది.

రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం. అయితే ఇప్పపువ్వు ఏరుకొనే కుటుంబానికి చట్టం కంటే ముందు చెట్టు కింద ఆకు ఊడ్చుకొనే చీపురు, పరచుకొనే పాత గుడ్డ అందించడం మేలు.